ఆగుంబె వానల చేపలు ఎదురెక్కినప్పుడు

చేపల ముచ్చట చెప్పమంటిరి, చెప్త. కాని పాకాల చెరువు ముచ్చట గాదు, అది మీకు నోటికొచ్చిందే. ఇది ఆగుంబె ముచ్చట. ఆ మొద్దు జర అటు జరుపు నాయినా, పొగంత మీ నాయనమ్మ మొకానికే పోతున్నది.

1978. ఉస్మానియాల ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్న. గప్పట్ల బాటనీ అంటే టూరు లేకుంట చదువే లేదు. సారు పిల్లగాండ్లను ఎంటబెట్టుకొని అడవులు తిప్పాలె, మేం మొక్కలు తెంపుకచ్చి, కాయితాల నడుమ నొక్కి ఎండబెట్టి, అట్టల మీద అతికించి, పేరు రాసి పెట్టాలె. దాన్నే హెర్బేరియం అంటరు. ఎప్పుడైనా టూరంటే దసరా పోయినంకనే. వాన ఎనుకబడ్తది, పూలుంటయి, కాళ్ళు జారయి. మా బ్యాచికి మాత్రం పరీక్షలు జరిగి జరిగి ఎండకాలం నెత్తి మీద పడ్డయి, టూరు పోయి జూన్ల పడ్డది. జూన్ల ఆగుంబె పోతున్నమని తెలిసి ఇంకో సారు నవ్విండు. "చెట్లు చూసి రమ్మంటే ఈత నేర్చుకొని వస్తరా ఏంది?" అన్నడు.

ఆయన నవ్విందాంట్ల తప్పేం లేదు. ఆగుంబె కర్ణాటకల, శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాల, పడమటి కనుమల అంచు మీద కూసున్న చిన్న ఊరు. మన హైదరాబాదుల యాడాదంత కురిస్తే ఎనిమిది వందల మిల్లీమీటర్లు, జర అటో ఇటో. ఆడ ఏడు వేలకు పైన. 1946 ఆగస్టుల ఒక్క నెలల్నే 4,508 మిల్లీమీటర్లు పడ్డదట. మనకు ఐదేండ్లల్ల కూడ పడని వాన ఆడ ఒక్క నెలల దిగిందన్నట్టు. అరేబియా సముద్రం మీదికెల్లి వచ్చే మబ్బు ఆ కొండలకు తాకి పైకి లేస్తది, సల్లబడ్తది, ఆడ్నే కుమ్మరిస్తది. కొండ దాటి మన దిక్కు వచ్చేసరికి దాంట్ల మిగిలేది ఎంత? అందుకే వాళ్ళకు రెయిన్ ఫారెస్టు, మనకు టేకు, మోదుగ.

కాచిగూడల చిన్న లైను బండెక్కి బెంగుళూరు, ఆడికెల్లి శివమొగ్గ, శివమొగ్గల బస్సు. తీర్థహళ్ళి దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల పోక తోటలు, పల్లంల వరి మళ్ళు, ఎర్ర పెంకుల ఇండ్లు. దిగేసరికి వాన లేదు, ఉక్క. ఊరంత మబ్బు దిక్కు చూస్కుంట కట్టెలు కొట్టంల పేర్చుకుంటున్నది. నాలుగు నెలలు ఎండ మొకం చూడరు వాళ్ళు. కట్టె, ఉప్పు, మిరప, పచ్చళ్ళు అన్నీ మిరుగం రాకముందే ఇంట్ల పడాలె. మా సారుకు ఎరుకైన గౌడ ఒకాయన, ముసలాయన, ఊరికి దూరంగ ఏటి పక్కపొంటి ఇల్లు. ఆయన్ను అజ్జ అనేది, ఆయన ఇంటామెను అజ్జి అనేది. తాత, అవ్వ అన్నట్టు. మా మకాం వాళ్ళ నడవల.

నేను పాకాల అడవి పక్కన పుట్టి పెరిగినోన్ని గదా, అడవి నాకేం కొత్త అనుకొని పోయిన. మన అడవిల మాఘం దాటితే ఆకు రాలుతది, చెట్టు మొదట్ల నిలబడి చూస్తే ఆకాశం కనబడ్తది. ఆడ లోపలికి పోయినంక పొద్దు ఏ దిక్కున్నదో తెల్వలే. చెట్టు కింద చెట్టు, దాని కింద ఇంకో చెట్టు. పైన ఉన్నవే ఎండనంత తినేస్తయి. కింద మొలిచింది ఏండ్లకేండ్లు మోకాలెత్తుల్నే ఆగి ఉంటది. పక్కన పెద్ద మాను ఒకటి కూలి, ఆ సందుల వెలుగు పడ్డప్పుడే లేస్తది. ఆకుల కొసలు సన్నగ సాగి ఉంటయి, మీద పడ్డ నీళ్ళు నిలువకుంట జారిపోనీకి. బలగి అనే చెట్టుకు మొదలు నేలకు ఆననే ఆనది, కాళ్ళు ఎడం బెట్టి వేర్ల మీద నిలబడ్తది. డిప్టెరోకార్పస్ మాను కింద నిలబడ్తే రెండు రెక్కల కాయలు గిరగిర తిరుక్కుంట నెత్తి మీద పడ్తుండె. పుస్తకంల బొమ్మ చూసి పేరు బట్టీ పట్టిన చెట్టది. పైకి చూస్తే దాని మొదటి కొమ్మ కాడికే మెడ నొచ్చింది. సారు గాంబుల్ రాసిన పాత ఫ్లోరా, 1976ల కొత్తగ వచ్చిన హాసన్ జిల్లా ఫ్లోరా, రెండు సంచిల మోసుకొచ్చిండు. మా ఎంట వచ్చిన కూలి పిల్లగాడు మాత్రం పుస్తకం తెరువక ముందే ఆకు నలిపి వాసన చూసి పేరు చెప్పేటోడు. సారుకు కోపం రాలే. వాడు చెప్పిన పేరు ముందు రాసుకొని, లాటిన్ పేరు తరువాత ఎతుకుదాం అనేటోడు. నేను లెక్చరరైనంక నా పిల్లగాండ్లకు గూడ గదే నేర్పిన.

పాము ముచ్చట అడుగుతవని తెలుసు, ఆగు. మా బ్యాచిల ఒక దోస్తు కుక్కగొడుగులు ఏరుతానికి ఒక ఆకుల కుప్పల కట్టె పెట్టబోయిండు. మోకాలెత్తు కుప్ప, చుట్టు నేల ఊడ్చినట్టు శుభ్రంగ ఉన్నది. ఆ కూలి పిల్లగాడు వీని అంగి కాలరు పట్టి ఎనుకకు గుంజిండు. "కాళింగ" అన్నడు, ఇంకో మాట లేదు. రాజనాగు గూడది. పాములల్ల గూడు కట్టేది అదొక్కటే. ఆడపాము ఒళ్ళుతోని ఆకులన్ని దగ్గరికి గుంజి, నడుమ గుడ్లు పెట్టి, దాని మీదనో పక్కకో కాపలా ఉంటది. వాన ఎంత పడ్డా లోపల గుడ్డు తడువది. మేం పాము మొకం చూడలే, చూడాలని కూడ అనుకోలే, అడుగుల మీద అడుగులు వేసుకుంట ఎనుకకు వచ్చినం. అదే ఆగుంబెల 2005ల రోములస్ విటేకర్ రెయిన్ ఫారెస్టు పరిశోధన కేంద్రం పెట్టిండు. తరువాత ఆడ రాజనాగులకు రేడియోలు పెట్టి ఎటు పోతున్నయో చూసిన్రు. మేం పోయినప్పుడు అవి ఎటు పోతున్నయో చూసే తీరిక మాకు లేకుండె.

ఇగ చేపలు. తీర్థహళ్ళి అంగట్ల గాలాలు కొన్న. నేనూ, గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన మా మంథని దోస్తు, ఎదురు కట్టెకు దారం కట్టి, పోక తోటల ఎర్రలు తవ్వుకొని, పొద్దుమూకే యాళ్ళకు ఏటి కాడ కూసున్నం. మాలతి అంటరు ఆ ఏరును. నీళ్ళు ఎంత తేటగ ఉన్నయంటే గాలం కాడికి చేప వచ్చుడు, చూసుడు, మర్లిపోవుడు అన్నీ కనబడ్తున్నయి. పాకాలల బురద నీళ్ళ చేపను మోసం చేసినంత సులువు గాదు అది. ఆఖరికి బొటనవేలంత పరక ఒకటి పడ్డది. అజ్జ దాన్ని చూసి పిల్లికి ఏసిండు. "ఆగు, వాన రానీ, గాలం ఎందుకు" అన్నడు.

నడుమ ఒకనాడు శృంగేరి తీస్కపోయిండు సారు. తుంగ ఒడ్డు మీద, గుడి మెట్ల కాడ, చేతి పొడుగు చేపలు వందలు. మురుమురాలు ఏస్తే ఒకదాని మీద ఒకటి పడి తింటున్నయి. ఎవ్వరు ముట్టరు, అవి దేవుని చేపలు. మా మంథనోని చెయ్యి దురద పెడ్తున్నట్టు కనబడ్డది, జేబుల పెట్టుకొని నిలబడ్డడు. అదే తుంగ కిందికి నాలుగు ఊర్లు దాటితే అదే చేపను పట్టి వండుకుంటరు. నాకు ఇది తప్పనిపియ్యలే. ఏటి పొడుగునా ఒక్క జాగల్నన్న చేప భయం లేకుంట బతకాలె గదా. అజ్జి చెప్పిన దాన్ని బట్టి ఏటికి అసలు చేటు వలతోని, గాలంతోని గాదు. ఎండకాలం మడుగులల్ల మంగకాయ దంచి కలిపి చేపలకు మత్తు పెట్టుడు పాత పద్ధతి, ఆ మత్తు పారే నీళ్ళల్ల పోతది. కాని కొత్తగ బండలు పగలగొట్టే తోటాలు ఏటిల పేల్చుడు మొదలైంది, దానితోని పిల్ల లేదు తల్లి లేదు అన్ని తేలుతున్నయని ఆమె తిట్లు. మన వాగులల్ల కూడ గదే జరిగింది తరువాత.

సరిగ్గ మిరుగం నాడు వాన పడ్డది. మీరు మిరుగం నాడు చేప తింటరు గదా, ఎందుకు తింటరో తెల్వకున్నా. నాకు మాత్రం ఆ పొద్దు యాదికి లేకుండె. పగటీలి ఉరుము, తరువాత అడవి మీద పెద్ద చప్పుడు. చప్పుడు ముందు, వాన ఎనుక. పై ఆకులల్ల కురిసిన వాన కింద మా మీద పడతానికి కొంతసేపు పట్టింది, పట్టినంక మల్ల ఆగలే. రాత్రి బువ్వ తినే యాళ్ళకు ఏరు గొంతు మారింది. అజ్జ చెవి పెట్టి విన్నడు, కొడుకును పిలిచిండు. "ఈ రాత్రి ఎక్కుతయి."

గొంగడి కొప్పెర ఏసుకొని పోయినం. ఆడ కూడ మన లెక్కనే కంబళిని మడిచి నెత్తి మీద కొప్పె ఏసుకుంటరు. వాన ఎంత కొట్టినా గొంగడి లోపల ఎచ్చగ ఉంటది. ఎండిన కొబ్బరి మట్టలు కట్టలు కట్టి ముట్టిచ్చి పట్టుకున్నరు. వరి మళ్ళల్ల మడిమ లోతు నీళ్ళు, కొత్త నీళ్ళు, ఎర్రగ. ఆ నీళ్ళల్ల చేపలు! ఏటి నుంచి కాలువకు ఎక్కినయి, కాలువల నుంచి మడిలకు, ఒక మడి గండి నుంచి పై మడిలకు. వీపులు నీళ్ళ మీదికి తేలుతున్నయి, ఒడ్డు అడ్డమొస్తే ఒరిగి దుంకుతున్నయి. మన మత్తడి దుంకినప్పుడు చూసిన్రు గదా, గట్లనే. ఏటి నీళ్ళు సల్లగ, వడి మీద ఉంటయి, గుడ్డు కొట్టుకపోతది. మడిల నీళ్ళు నిలకడ, ఎచ్చన, పురుగూ పుట్రా మస్తు, పెద్ద చేప రాదు. అందుకే తల్లి చేప అంత కష్టపడి ఎక్కుతది.

గండి కాడ కూళి పెట్టిన్రు. మన మావు అసొంటిదే, ఎదురు పుల్లలతోని అల్లింది. నోరు ఎడల్పు, తోక సన్నం, నోట్ల పుల్లలు లోపలి దిక్కు మొన తిరిగి ఉంటయి. నోరు కింది దిక్కు పెట్టాలె, చేప ఎదురెక్కుతది గదా. పోయింది పోయినట్టు ఉంటది, మర్లిరాదు. మడి ఒడ్డుకు మూడు గండ్లున్నయి, అజ్జ ఒక్క దానికే కూళి పెట్టిండు. మిగిలిన రెండు గండ్లల్లకెల్లి చేపలు మా కాళ్ళు రాసుకుంట పోతున్నయి. ఎందుకు పెట్టవని అడిగిన. "దివిటీ సక్కగ పట్టు" అన్నడు.

కొడుకు దివిటీ ఎలుగుల కత్తి తిప్పి కొట్టేటోడు, కత్తి వీపు భాగంతోని, అరచెయ్యంత నీళ్ళల్ల. నేను చేతులతోని పట్టవోయి జెల్ల ముల్లు గుచ్చుకొని అరిచిన. అర్ధరాత్రి దాటినంక మట్టలు తడిసి దివిటీలు ఆరినయి. చీకట్ల బాట మీద నిలబడ్డం. కండ్లకు చీకటి అలవాటైనంక చూస్తే, కుళ్ళిన మొద్దుల మీద పచ్చటి ఎలుగు. మిణుగురులు గావు, ఎగురుతలేవు. కట్టెకు పట్టిన బూజు అది, వానకాలం రాత్రిపూట ఎలుగుతది. సారు ఆ రాత్రి ఇంట్ల పండుకున్నడు. పొద్దుగాల చెప్తే, "నన్నెందుకు లేపలేదురా" అని రెండు దినాలు మాతోని సరిగ మాట్లాడలే.

కూర ముచ్చట చెప్పకపోతే మీ నాయనమ్మ ఊకోదు. అజ్జి చేపలకు చింతపండు ఏయలే. నల్లగ ముడుచుకపోయిన తొక్కలు నాలుగు నీళ్ళల్ల నానేసింది. చూస్తే ఉప్పగె. పొద్దుగాల అడవిల మేం తెంపి, గార్సినియా అని రాసుకొని, ప్రెస్సుల పెట్టిన చెట్టు కాయ తొక్కనే. పండ్లు వానల్ల రాలుతయి, ఎండ ఉండదు, అందుకే పొయ్యి మీది అటక మీద పొగల ఎండబెడ్తరు. పులుపుకు పొగ వాసన తోడైతది. దాంట్లకు బియ్యప్పిండి ఉడికిచ్చి చేసిన కడుబు ఉండలు.

మా మొక్కలను కూడ ఆ పొగనే బతికిచ్చింది. వాన మొదలైనంక ప్రెస్సులల్ల కాయితాలు ఎండవు, మొక్క నల్లబడ్తది, బూజు పడ్తది. వాళ్ళ ఇంట్ల తానాల కొట్టంల పెద్ద రాగి హండ, దాని కింద వానకాలమంత ఆరని పొయ్యి. అజ్జి మా ప్రెస్సులు ఆ పొయ్యి మీది దండానికి కట్టనిచ్చింది, పక్కనే ఉప్పగె తట్టలు, తడిసిన గొంగళ్ళు. రోజు రాత్రి పాత పేపర్లు మార్చుడు, పొయ్యి మీద ఎచ్చజేసుడు, మల్ల కట్టుడు. శంకర్ నాగ్ తీసిన మాల్గుడి డేస్ 1986ల టీవీల వచ్చినప్పుడు ఆగుంబెల తీసిన్రని తెలిసి నేను ఇంట్ల కథ ఇనలే, ఇండ్ల ఎనుక పొగ లేస్తుందా అని చూసిన.

మర్లి వచ్చుడు ఇంకో ముచ్చట. తొవ్వకు చెట్టు కూలి బస్సు ఆగింది, అందరం దిగి కొమ్మలు గుంజినం. సారు తుంగభద్ర డ్యాం చూపిస్తనని బెంగుళూరు దిక్కు గాకుంట బీరూరు, హుబ్లి, గుంతకల్లు మీది నుంచి మలిపిండు. అది నా అదృష్టం. ఎందుకంటే ఆ తొవ్వ మూడు జాగల అదే ఏరును దాటుతది.

ఆగుంబె నీళ్ళ పంపకం చిత్రం. అంచుకు పడమర పడ్డ చినుకు సీతా నదిల పడి, ఘాటు దిగి, దగ్గర్నే సముద్రంల కలుస్తది. తూర్పు పడ్డది మాలతిల, మాలతి తుంగల, తుంగ శివమొగ్గ అవతల కూడ్లిల భద్రతోని కలిసి తుంగభద్రయితది. మడిల మా మడమల మీదికెల్లి పోయిన నీళ్ళు మన కృష్ణల కలిసేటివన్నట్టు. హరిహర్ కాడ బండి వంతెన ఎక్కింది. కింద ఎర్ర నీళ్ళు, నురగ, కట్టెలు కొట్టుకొస్తున్నయి. "మన నీళ్ళే" అన్నడు మంథనోడు. హోస్పేట కాడ డ్యాం. అప్పటి హైదరాబాదు, మద్రాసు రాజ్యాలు రెండు కలిసి కట్టింది, 1953ల అయ్యింది, ముప్పై మూడు గేట్లు. లోపల ఇంకా నిండలే, కింద బండలు తేలి ఉన్నయి. 2024 ఆగస్టుల పంతొమ్మిదో గేటు కొట్టుకపోయినప్పుడు, గేట్ల పని తెలిసిన మన కన్నయ్యనాయుడు పారే నీళ్ళల్నే అడ్డుపలకలు దింపి ఆపిండు చూడు, గా డ్యామే.

కర్నూలు దాటినంక మూడోసారి. ఇసుక. వంతెన ఈ కొసకెల్లి ఆ కొసదాంక ఇసుక, నడుమ ఒక సన్నటి పాయ, ఆడోళ్ళు చెలిమలు తీసి బిందెలు నింపుతున్నరు. డబ్బాల ఒక రైతు, "మిరుగం ఎల్లిపోయింది, చుక్క లేదు, యాడ కూడ పడ్తలేనట్టున్నది" అన్నడు. నా అంగి ఇంకా తడి ఆరలే. ఆయనకు చెప్దామనుకున్న, పైన కుండపోత, నీళ్ళు హోస్పేట గేట్ల ఎనుక ఆగినయి, డ్యాం నిండినంకనే మీ కాడికొస్తయని. చెప్పిన కూడ. నమ్మలే. నేను ఆయన జాగల ఉన్నా నమ్మకపోదును.

కాచిగూడల దిగి మొక్కలు డిపార్టుమెంటుల పెడ్తే, అటెండరు ముక్కు మూసుకున్నడు. మొక్కలల్లకెల్లి పొగ, చేపల వాసన. కాని ఒక్క ఆకు నల్లబడలే.

ఇంటికి పోయినంక మా అమ్మ మొదలడిగింది అడవి గురించి గాదు. "మిరుగం నాడు చేప తిన్నవా, లేదా?" అన్నది. తిన్న అన్న. ఎంత మంచిగ తిన్ననో కూడ చెప్పిన, అజ్జి ఇచ్చిన ఉప్పగె మూట ముందల పెట్టిన. మా అమ్మ మరునాడు కొర్రమట్ట తెప్పిచ్చి, ఉప్పగె ఏసి వండింది. ఒక ముద్ద నోట్ల పెట్టుకొని చాలాసేపు నమిలింది. "పులుపు ఉన్నది, కాని చింతపండంత నోరూరదు" అని చెప్పి, లేచి చింతపండు పిసికి పోసింది. మిగిలిన తొక్కలతోని రాగి చెంబు తోమింది. చెంబు మాత్రం మస్తు మెరిసింది.